మంచివాళ్లే ఇక్కడ ఇలా ఎందుకు మాట్లాడుతున్నారు?

ప్రశ్న: ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్ల కోసం నడిచే ఒక ఆన్‌లైన్ గ్రూప్‌లో నేను చాలాకాలంగా ఉన్నాను. ఈమధ్యే మోడరేటర్‌ని కూడా అయ్యాను. మొదట్లో ఎవరైనా ఫొటో పెడితే వెలుతురు గురించీ, ఫ్రేమ్ గురించీ ఓపిగ్గా చెప్పేవాళ్లు. సభ్యులు పెరిగేకొద్దీ ఆ తీరు మారిపోయింది. ఇప్పుడు ఎవరు ఏం పెట్టినా ఎగతాళే. కొత్తవాళ్లను ఏడిపించడం ఒక ఆటలా తయారైంది. ఇలా మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది సొంత పేర్లతోనే ఉంటారు, నాకు బయట కూడా తెలిసినవాళ్లే. ఎదురుపడితే ఎంతో మర్యాదగా మాట్లాడతారు. పోయిన వారం ఒక కొత్త అమ్మాయి తన మొదటి ఫొటో పెడితే దాని కింద నేనే ఒక వెటకారపు మాట రాశాను. నాకు ఎప్పుడూ రానన్ని లైకులు వచ్చాయి. మర్నాటికి ఆ అమ్మాయి గ్రూప్‌లో లేదు. అప్పట్నుంచీ నా మీద నాకే అసహ్యంగా ఉంది. తోటి మోడరేటర్లతో అంటే "ఇంటర్నెట్ అంటే ఇంతే, తట్టుకోలేనివాళ్లు వెళ్లిపోతారు" అన్నారు. ఒకరు మాత్రం అందరూ అసలు పేర్లతోనే ఉండాలని రూల్ పెడదామన్నారు. "మన గ్రూప్ మురికికాలువ అయిపోయింది, పొద్దున లేస్తే అందరూ ఒకరినొకరు తిట్టుకోవడమే" అంటూ ఘాటుగా ఒక పోస్టు రాసి ఉంచుకున్నాను. అది పెట్టమంటారా? లేక నేనే గ్రూప్ వదిలేసి వెళ్లిపోవడం నయమా?
పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: ముందుగా, ఆ పోస్టు పెట్టకండి. ఎందుకు వద్దంటున్నానో కాసేపట్లో చెబుతాను. గ్రూప్ వదిలేయాలా వద్దా అన్నది కూడా ఈ వారంలోనే తేల్చాల్సిన విషయం కాదు. ఈరోజే చేయాల్సిన పని వేరే ఉంది. ఆ అమ్మాయికి రాయండి.

పొడుగ్గా అక్కర్లేదు. "మీ ఫొటో కింద నేను రాసిన మాట తప్పు. మిమ్మల్ని నొప్పించాను. క్షమించండి" అంటే చాలు. సరదాకి అన్నాననీ, అక్కడ అందరూ అలాగే మాట్లాడతారనీ కలిపారంటే క్షమాపణ కాస్తా సంజాయిషీ అయిపోతుంది. తిరిగి రమ్మని అడగకండి, అది ఆమె ఇష్టం. ఆ ఫొటోలో మీకు నిజంగా నచ్చింది ఏదైనా ఉంటే ఒక్క వాక్యంలో చెప్పండి. లేకపోతే లేనిది కల్పించొద్దు. జవాబు రాకపోవచ్చు. రాకపోతే రెండోసారి రాయకండి.

తర్వాత గ్రూప్‌లో కూడా ఒక మాట రాయాలి. మీ కామెంట్‌కు లైకు కొట్టినవాళ్లూ, కొట్టకుండా చదివి వెళ్లినవాళ్లూ ఆ రోజు ఒక పాఠం నేర్చుకున్నారు. మోడరేటరే ఇలా అంటుంటే ఇక్కడ ఇది చెల్లుతుందన్నమాట అని. చప్పుడు చేయకుండా కామెంట్ తీసేస్తే ఆ పాఠం అలాగే ఉండిపోతుంది. "కొత్తగా వచ్చినవాళ్లతో నేను అలా మాట్లాడాల్సింది కాదు. ఆ కామెంట్ తీసేశాను, వాళ్లకు క్షమాపణ చెప్పాను" అని మీ పేరుతోనే రాయండి. ఆ అమ్మాయి పేరు మాత్రం ఎత్తకండి. వెళ్లిపోయిన మనిషిని మళ్లీ చర్చలోకి లాగడం ఆమెకు ఇంకో బాధ.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. మంచివాళ్లే ఎందుకిలా అవుతున్నారు అన్నదానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఎప్పుడూ రానన్ని లైకులు వచ్చాయన్నారు కదా. మీరు అంతకుముందు ఎవరికో షట్టర్ స్పీడ్ గురించి నాలుగు పేరాలు ఓపిగ్గా రాసినప్పుడు ఎన్ని వచ్చాయి? రెండో, మూడో అయి ఉంటాయి. ఒక గ్రూప్‌లో పైన రాసిపెట్టిన రూల్స్ ఏవైనా కానివ్వండి, అక్కడ నిజంగా నడిచే నియమం అది దేనికి చప్పట్లు కొడుతుంది, దేన్ని పట్టించుకోకుండా వదిలేస్తుంది అన్నదే. మనుషులు చాలా త్వరగా దాన్ని పసిగడతారు. ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2021లో విలియం బ్రేడీ, ఆయన తోటి పరిశోధకులు ట్విటర్‌లో 7 వేల మందికి పైగా రాసిన 1 కోటి 27 లక్షల ట్వీట్లను పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. ఆగ్రహంతో రాసిన ట్వీట్లకు ఎక్కువ లైకులూ షేర్లూ వచ్చినవాళ్లు, ఆ తర్వాత అలాంటివే ఇంకా ఎక్కువగా రాశారని తేలింది. అందులో ఇంకో సంగతి కూడా బయటపడింది, నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. ఆగ్రహం అప్పటికే మామూలైపోయిన గుంపుల్లో ఉన్నవాళ్ల మీద లైకుల ప్రభావం తక్కువగా కనిపించింది. చుట్టూ ఉన్న తీరు చూసే వాళ్లు అలా రాయడం నేర్చుకున్నారు, విడిగా మెప్పు అవసరం పడలేదు. అంటే మొదట్లో చప్పట్ల కోసం మొదలైన మాటతీరు కొన్నాళ్లకు చప్పట్లు లేకపోయినా నడిచిపోతుంది. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దలు ఊరికే అనలేదు.

మీ తోటి మోడరేటర్లు బహుశా ఇలా అనుకుంటూ ఉంటారు: గ్రూప్‌లో పది పదిహేను మంది చెడ్డవాళ్లున్నారు, మిగతావాళ్లంతా మంచివాళ్లు, ఆ పది మందిని తీసేయడం కుదరదు కాబట్టి చేసేదేం లేదు. ఈ లెక్క తప్పని చూపించిన ఒక ప్రయోగం వివరంగా చెబుతాను. మీరు చేయాల్సిన పనులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

జస్టిన్ చెంగ్, మరో ముగ్గురు 2017లో ప్రచురించిన పరిశోధన ఇది. 667 మందిని తీసుకుని ముందు ఒక చిన్న పరీక్ష పెట్టారు. కొందరికి తేలికైనది, కొందరికి చికాకు పుట్టించేంత కష్టమైనది. తర్వాత ఒక రాజకీయ వ్యాసం చదివించి దాని కింద కామెంట్ రాయమన్నారు. కొందరికి ఆ వ్యాసం కింద అప్పటికే మామూలు కామెంట్లు ఉన్నాయి. కొందరికి రెచ్చగొట్టే కామెంట్లు కనిపించాయి. అంతే తేడా. మనసు బాగుండి, పైన ఉన్న కామెంట్లు కూడా బాగున్నవాళ్లు రాసినవాటిలో 35 శాతం ట్రోలింగ్ లెక్కలోకి వచ్చాయి. చికాకుగా ఉండి, పైన రోత కామెంట్లు చూసినవాళ్లు రాసినవాటిలో 68 శాతం. ఆ రెండిట్లో ఏదో ఒక్కటే ఉన్నప్పుడు దాదాపు సగం. మనుషులను ఏ గుంపులో వేయాలన్నది వాళ్ల స్వభావం చూసి కాకుండా యాదృచ్ఛికంగా నిర్ణయించారు. అయినా ఇంత తేడా వచ్చింది.

దీన్ని మీ గ్రూప్‌కు అన్వయించి చూడండి. ఒకాయన పని ఒత్తిడితో, టెన్షన్‌తో ఫోన్ తెరిచాడు. ఒక కొత్తవాడి ఫొటో కనిపించింది. దాని కింద మొదటి మూడు కామెంట్లూ వెక్కిరింపులే. నాలుగోది ఆయన రాస్తాడు. ఆయనకు ఆ కొత్తవాడి మీద ఏ కోపమూ లేదు. ఇక్కడ ఫొటోలకు ఇలాంటి జవాబే ఇస్తారు అని ఆ పై మూడు కామెంట్లూ చెప్పాయి. చికాకు చేయి కలిపింది. మీ విషయంలోనూ జరిగింది ఇదే అనుకుంటున్నాను. దానివల్ల మీ తప్పు తగ్గదు, కానీ మీలో ఏదో విషం దాగి ఉందని కుమిలిపోవాల్సిన పని మాత్రం లేదు.

పూర్తిగా చోటుదే తప్పని కూడా అనను. అలెగ్జాండర్ బోర్, మైఖేల్ పీటర్సన్ 2022లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆన్‌లైన్ రాజకీయ చర్చల్లో దురుసుగా ఉండేవాళ్లు బయట కూడా చాలావరకు అలాగే ఉంటారు. అలాంటివాళ్లు బయట ఒక గదిలో ఉన్న నలుగురికే కనిపిస్తారు, ఇక్కడ వేలమందికి కనిపిస్తారు. మీ గ్రూప్‌లో అలాంటివాళ్లు కొందరు ఉండే ఉంటారు. వాళ్ల గురించి తర్వాత చెబుతాను. కానీ మీ ఉత్తరం చెబుతున్న మిగతా మర్యాదస్థులది వేరే కథ. ఆ కొద్దిమంది శ్రుతి పడితే వీళ్లు గుంపులో గోవిందా కొడుతున్నారు.

అసలు పేర్ల సంగతి చూద్దాం. పేరు దాచుకోవడం వల్లే జనం చెలరేగిపోతారన్నది చాలామంది నమ్మకం. అందులో కొంత నిజం ఉంది కూడా. ముసుగు ఉన్నప్పుడు మామూలుగా అనని మాటలు అంటాం. కానీ ముసుగు మనిషిని ఎటు తీసుకెళ్తుందన్నది ఆ చోటును బట్టి ఉంటుంది. 1979లో రాబర్ట్ జాన్సన్, లెస్లీ డౌనింగ్ చేసిన ప్రయోగం ఒకటుంది. కొందరికి కూ క్లక్స్ క్లాన్ (నల్లజాతివాళ్లను హింసించిన అమెరికా తెల్లజాతి ముఠా) అంగీల్లాంటివి, కొందరికి నర్సు దుస్తులు వేయించారు. తప్పు చేసిన మనిషికి ఇచ్చే కరెంటు షాకును పెంచే లేదా తగ్గించే వీలు వాళ్ల చేతికిచ్చారు. షాకు నిజం కాదు, ఆ సంగతి వాళ్లకు తెలియదు. నర్సు దుస్తుల్లో ఉన్నవాళ్లు షాకు తగ్గించారు. తామెవరో ఎవరికీ తెలియనప్పుడు ఇంకా తగ్గించారు. పేరు లేకపోవడం వాళ్లను మరింత దయగా మార్చింది. ఆ తర్వాత రస్సెల్ స్పియర్స్, టామ్ పోస్ట్‌మెస్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే విషయం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. పేరు కనిపించనప్పుడు మనిషి కట్టుబాట్లు వదిలేస్తాడని అనుకుంటాం గానీ, చాలాసార్లు తన గుంపు కట్టుబాట్లకు ఇంకా గట్టిగా అంటుకుంటాడని చెప్పారు.

చట్టంతో ప్రయత్నించిన దేశం కూడా ఉంది. దక్షిణ కొరియాలో 2007 నుంచి పెద్ద వెబ్‌సైట్లలో ఏదైనా రాయాలంటే ముందు తమ గుర్తింపు నిరూపించుకోవాల్సి వచ్చింది. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం న్యాయమూర్తులందరూ ఏకమై దాన్ని కొట్టేశారు. ఆశించినట్టు చట్టవిరుద్ధమైన రాతలు తగ్గినట్టు కనిపించడం లేదన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. 2016లో జర్మనీకి చెందిన ఒక ఆన్‌లైన్ వినతిపత్రాల వేదికలో వచ్చిన 5 లక్షలకు పైగా కామెంట్లను కాత్యా రోస్ట్ బృందం పరిశీలిస్తే, అసలు పేరుతో రాసినవాళ్లే ఎక్కువ దూకుడుగా రాసినట్టు తేలింది. తాము న్యాయం పక్కన ఉన్నామని గట్టిగా నమ్మినవాళ్లకు పేరు దాచుకోవాలని అనిపించదు.

మీ గ్రూప్‌లో ఈ రూల్ పనికిరాదని చెప్పడానికి ఇంత దూరం వెళ్లక్కర్లేదు కూడా. వెక్కిరించేవాళ్లలో ఎక్కువమంది సొంత పేర్లతోనే ఉంటారని మీరే రాశారు. అసలు పేర్లు అడిగితే వెళ్లిపోయేది వాళ్లు కారు. ఏ వేధింపుకో భయపడి పేరు మార్చుకున్న ఆడపిల్లలూ, ఇంట్లోవాళ్లకు తెలియకుండా నేర్చుకుంటున్నవాళ్లూ వెళ్లిపోతారు. ఆ రూల్‌కు ఒప్పుకోకండి.

ఇప్పుడు మీరు రాసి ఉంచుకున్న పోస్టు. అందులో "అందరూ తిట్టుకోవడమే" అన్న వాక్యం ఉంది చూశారా, అదే ప్రమాదం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో శిలగా మారిన చెట్ల ముక్కలు పరుచుకున్న పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే జాతీయ ఉద్యానం ఉంది. చూడటానికి వచ్చినవాళ్లు ఆ ముక్కలు జేబులో వేసుకుని పోతుంటారు. రాబర్ట్ చాల్దీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. ఇంతకుముందు వచ్చినవాళ్లు చాలామంది ముక్కలు పట్టుకుపోయి ఈ చోటును పాడుచేశారు అన్నది ఒకటి. దయచేసి ముక్కలు తీయకండి అన్నది రెండోది. మొదటి బోర్డు ఉన్నచోట దాదాపు 8 శాతం ముక్కలు మాయమయ్యాయి, రెండో బోర్డు ఉన్నచోట 2 శాతం లోపే. మొదటి బోర్డు రాసినవాళ్ల బాధ నిజమైనదే. కానీ చదివినవాళ్ల చెవికి ఎక్కింది వేరే మాట: చాలామంది తీసుకెళ్తున్నారు.

మీ ఆవేదన కూడా అలాగే తిరగబడుతుంది. గ్రూప్ మురికికాలువ అయిపోయిందని మోడరేటరే ప్రకటిస్తే, ఇప్పటిదాకా మర్యాదగా ఉన్నవాళ్లకు తామే ఇక్కడ వింతజీవులమని అనిపిస్తుంది. వెక్కిరించేవాళ్లకు తామే మెజారిటీ అన్న ధైర్యం వస్తుంది. పైగా అది నిజం కూడా కాదు. మీ సభ్యుల్లో ఎంతమంది ఒక్కసారైనా ఎవరినైనా ఎగతాళి చేశారో ఒక వారంపాటు లెక్కపెట్టి చూడండి. గొంతు పెద్దది కాబట్టి ఎక్కువమందిలా వినిపిస్తుంది, అంతే.

మరి మిగతావాళ్లు ఎందుకు నోరు మెదపరు? నన్ను అడిగితే మీ గ్రూప్ బాగుపడుతుందా లేదా అన్నది ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆన్‌లైన్‌లో అది పూర్తి అంగీకారంలా కనిపిస్తుంది, ఎందుకంటే ఇబ్బందిగా కదిలిన మొహం, తిప్పుకున్న చూపు ఇక్కడ ఎవరికీ కనిపించవు. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఎవరైనా కటువుగా ఒక మాట అంటే గదిలో నిశ్శబ్దం పడుతుంది. అన్నవాడికి అర్థమవుతుంది. ఇక్కడ ఆ నిశ్శబ్దానికి రూపం లేదు, పది లైకులకు మాత్రం రూపం ఉంది. 1993లో డెబరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో ఇలాంటి పొరపాటు అంచనానే చూశారు. క్యాంపస్‌లో తాగుడు విషయంలో ఎవరికి వాళ్లకు లోపల ఇబ్బందిగానే ఉంది, కానీ మిగతావాళ్లందరికీ ఏ ఇబ్బందీ లేదని అనుకున్నారు. అలా ప్రతి ఒక్కరూ అనుకోవడం వల్ల ఆ అలవాటు నిలబడింది. మీ తోటి మోడరేటర్లలో కూడా ఒకరిద్దరు మీలాగే లోపల బాధపడుతూ పైకి "ఇంటర్నెట్ అంటే ఇంతే" అంటున్నారని నా అనుమానం.

ఇందులో ఆశ కలిగించే సంగతి ఒకటుంది. సోలమన్ ఆష్ 1950లలో చేసిన గీతల ప్రయోగం గురించి విని ఉంటారు. గదిలో ఒక్కరు తప్ప అందరూ ఆష్ ముందే చెప్పిపెట్టిన మనుషులు. వాళ్లంతా కళ్లెదుట కనిపిస్తున్న పొడుగు గీతను పొట్టిదంటే, పాపం ఆ ఒక్క అమాయకుడు కూడా మూడింట ఒకసారి వాళ్లతో గొంతు కలిపాడు. కానీ ఆ గుంపులో ఇంకొక్క మనిషి నిజం చెబితే అలా తలొంచడం అంతకుముందున్నదాంట్లో నాలుగో వంతుకు పడిపోయింది. మీకు పెద్ద సైన్యం అక్కర్లేదు. గ్రూప్‌లో మీరు గౌరవించే నలుగురైదుగురికి విడివిడిగా మెసేజ్ పెట్టండి. "నాకు ఇలా అనిపిస్తోంది, మీకు?" అని అడగండి. ఒప్పుకున్నవాళ్లతో ఒకే ఒక్క ఏర్పాటు చేసుకోండి: కొత్తవాళ్ల ఫొటో రాగానే మీలో ఎవరో ఒకరు మొదటి కామెంట్ రాయాలి. పొగడ్త అక్కర్లేదు, పనికొచ్చే మాట కావాలి. "కిటికీ వైపు తిప్పి తీస్తే మొహం మీద వెలుతురు పడేది, ఒకసారి ప్రయత్నించండి" అన్నట్టు. మిగతా మీ నలుగురూ దానికి లైకు కొట్టాలి. చిన్న పనిలా కనిపిస్తుంది. చెంగ్ బృందం ప్రయోగంలో మనుషులను మార్చింది కూడా ఆ పైన కనిపించిన నాలుగు మాటలే కదా. కామెంట్లను ఏ వరుసలో చూపించాలో మార్చే వీలు మీ గ్రూప్ సెట్టింగుల్లో ఉంటే, ఎక్కువ లైకులు వచ్చినవి పైన రాకుండా వచ్చిన వరుసలోనే కనిపించేలా పెట్టండి. వెటకారం ఎప్పుడూ ఎక్కువ లైకులు పోగేస్తుంది, దానికి మీరు పీట వేయొద్దు.

రూల్స్ రాయండి, కానీ అందరికీ కనిపించేచోట పెట్టండి. ఎక్కడో మూల పేజీలో ఉన్న ఇరవై రూల్స్ ఎవరూ చదవరు. నేథన్ మటాయస్ అనే పరిశోధకుడు రెడిట్ అనే చర్చావేదికలోని ఒక పెద్ద సైన్స్ గ్రూప్ మోడరేటర్లతో కలిసి 2,190 చర్చల మీద ఒక ప్రయోగం చేసి 2019లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని చర్చల పైభాగంలో రూల్స్ పిన్ చేసి పెట్టారు, కొన్నింటిలో పెట్టలేదు. రూల్స్ కనిపించినచోట వాటిని పాటించిన కొత్తవాళ్ల వాటా 8 శాతం పాయింట్లకు పైగా పెరిగింది. దానికన్నా ముఖ్యమైనది, అసలు మాట్లాడటానికి ముందుకొచ్చిన కొత్తవాళ్ల సంఖ్య సగటున 70 శాతం పెరిగింది. రూల్స్ పెడితే జనం బెదిరిపోతారనుకుంటాం. బెదిరి దూరంగా ఉన్నవాళ్లకు ఇక్కడ తమను ఎవరూ కరవరన్న భరోసా దొరికిందని నేను అర్థం చేసుకున్నాను.

మీ గ్రూప్‌కైతే నేను ఇంతే రాస్తాను: "ఇది నేర్చుకునే చోటు. ఇక్కడ ఎక్కువమంది ఫొటో గురించే మాట్లాడతారు, తీసినవాళ్ల గురించి కాదు. బాగాలేదంటే ఎందుకు బాగాలేదో, ఎలా బాగుచేయాలో కూడా చెప్పండి. ఎగతాళి కామెంట్లు తీసేస్తాం, ఎందుకు తీశామో మీకు చెబుతాం." చివరి వాక్యం రాస్తే దాన్ని పాటించాలి. రాసి పాటించకపోతే అసలు రాయకపోవడమే మేలు, ఎందుకంటే ఇక్కడ రూల్స్ ఉత్తుత్తివని మీరే రుజువు చేసినట్టవుతుంది. పాటించేటప్పుడు మీ స్నేహితుల కామెంట్లతోనే మొదలుపెట్టండి.

దీనివల్ల విమర్శ చచ్చిపోతుందని కొందరు గోల చేస్తారు. చేయనివ్వండి. "ఫోకస్ తప్పింది, ఆకాశం తెల్లగా కాలిపోయింది, ఇది మళ్లీ తీయాలి" అన్నది కఠినమైన విమర్శే, దాన్ని ఎవరూ తీసేయరు. "నీకెందుకు కెమెరా" అన్నదాంట్లో విమర్శ ఎక్కడుంది? అది చదివినవాళ్లు ఫొటో తీయడం గురించి ఏం నేర్చుకుంటారు?

అన్నిటికన్నా కష్టమైనది ఆ పేరున్న సీనియర్ల విషయం. మీరు ఉత్తరంలో వాళ్ల ప్రస్తావన తేలేదు, కానీ ప్రతి గ్రూప్‌లోనూ ఉంటారు. పని బాగా తెలుసు, నోరు దురుసు. అందరూ వాళ్ల మెప్పు కోసం చూస్తారు, అందుకే వాళ్ల మాటతీరు కూడా నేర్చుకుంటారు. వాళ్లను అందరి ముందూ నిలదీయకండి. పరువు కోసం ఇంకా బిగుసుకుంటారు, వాళ్ల అభిమానులు మీ మీద పడతారు. విడిగా మాట్లాడండి. కెవిన్ ముంగర్ 2017లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ట్విటర్‌లో జాతివివక్ష తిట్లు వాడుతున్న తెల్లజాతి మగవాళ్లకు కొన్ని ఖాతాల నుంచి ఒక చిన్న మాట పంపారు. ఇలాంటి మాటలకు నిజంగా మనుషులు బాధపడతారని గుర్తుంచుకో అని. ఆ మాట తమవాడే అనిపించే, ఫాలోయర్లు బాగా ఉన్న ఖాతా నుంచి వచ్చినప్పుడే వాళ్లు చెప్పుకోదగ్గంతగా తగ్గించారు. 2021లో డొమినిక్ హాంగార్ట్‌నర్ బృందం ఇంకో ప్రయోగం చేసింది. ద్వేషం రాసేవాళ్లకు జోకులతో జవాబిచ్చినా, ఇలా రాస్తే నీకే నష్టమని హెచ్చరించినా నిలకడైన ఫలితం రాలేదు. అవతలి మనిషి ఎంత బాధపడతాడో గుర్తుచేసిన జవాబులు మాత్రం కొంత పనిచేశాయి. ప్రభావం చిన్నదే, అయినా ఉంది.

అందుకే ఆ సీనియర్‌తో మాట్లాడాల్సింది ఆయన మాట వినే స్నేహితుడే. మీరే ఆ స్నేహితురాలైతే ఇంకా మంచిది. "మీరు చెప్పిందల్లా ఇక్కడ వంద మంది అనుకరిస్తున్నారు. ఒక అమ్మాయి మొదటి ఫొటోకే వెళ్లిపోయింది, అది నా మాట వల్లే జరిగింది. మీరు ఇలా మాట్లాడటం ఆపితే మిగతావాళ్లూ ఆపుతారు" అని చెప్పండి. ఆ చివరి వాక్యం పొగడ్త కోసం కాదు, నిజం. చాలామంది సీనియర్లకు తమ మాటకు అంత బరువుందని తెలియదు. తెలిశాక కొందరు మారతారు.

మారనివాళ్లూ ఉంటారు. రెండుసార్లు చెప్పినా మనిషిని పట్టుకుని అవమానించేవాళ్లనూ, గ్రూప్‌లో మాట్లాడింది చాలక ఇన్‌బాక్స్‌లోకి వెళ్లి వేధించేవాళ్లనూ తీసేయండి. ఇన్‌బాక్స్ వేధింపుకైతే రెండోసారి కూడా అక్కర్లేదు. ఎంత పనితెలిసినవాడైనా సరే. తీసేసినా ఇంకోచోటికి పోయి ఇదే చేస్తారు కదా, ఏం లాభం అని అడుగుతారు. 2015లో రెడిట్ ద్వేషం కోసమే నడుస్తున్న కొన్ని గ్రూపులను మూసేసింది. వాటిలో రెండు పెద్దవాటి సభ్యులు తర్వాత ఏమయ్యారో పరిశోధకులు చూశారు. చాలామంది రెడిట్ వదిలేశారు. ఉన్నవాళ్లలో ద్వేషపు మాటల వాడకం కనీసం 80 శాతం తగ్గింది. వాళ్లు చేరిన మిగతా గ్రూపులు కూడా దానివల్ల చెప్పుకోదగ్గంతగా చెడిపోలేదు. అదే మనుషులు, చోటు మారింది.

"ఇంటర్నెట్ అంటే ఇంతే" అన్న మాటకు వస్తే, ఎప్పుడూ ఎక్కడా ఇంతే అయితే మీ గ్రూప్ మొదట్లో వేరుగా ఎలా ఉంది? ఇంటర్నెట్ తొలినాళ్లలో యూజ్‌నెట్ అనే చర్చావేదికలుండేవి. ప్రతి సెప్టెంబరులో విశ్వవిద్యాలయాల్లో చేరిన కొత్త విద్యార్థులు వచ్చి గందరగోళం చేసేవాళ్లు, పాతవాళ్లు ఓపిగ్గా పద్ధతులు నేర్పేవాళ్లు, కొన్ని వారాల్లో సర్దుకునేది. 1993-94 ప్రాంతంలో పెద్ద కంపెనీలు తమ ఖాతాదారులందరికీ యూజ్‌నెట్ తెరిచేసరికి కొత్తవాళ్ల రాక ఇక ఆగలేదు. నేర్పేవాళ్లు చాల్లేదు. అందుకే ఆ కాలాన్ని ముగింపు లేని సెప్టెంబరు అంటారు. మీ గ్రూప్‌కు జరిగింది కూడా ఇదే కావచ్చు. కొన్నాళ్లు కొత్త సభ్యులను తక్కువ సంఖ్యలో చేర్చుకోండి, చేరినవాళ్లను పేరు పెట్టి ఆహ్వానించండి. వికీపీడియాలో కొత్తవాళ్లను కరవొద్దని ఒక మార్గదర్శకమే ఉంది. అక్కడ కూడా అది ఎప్పుడూ పాటిస్తారని కాదు, కానీ ఎవరైనా కరిచినప్పుడు వేలెత్తి చూపించడానికి ఒక మాట రాసి ఉంది.

వదిలేయాలా అని అడిగారు. పైన చెప్పినవి ఒక మూడు నెలలు చేసి చూడండి. లైకులు ఎక్కువ వస్తున్నాయా అని చూడకండి. కొత్తగా చేరినవాళ్లు రెండో ఫొటో పెడుతున్నారా లేదా, దాన్ని గమనించండి. పెడుతుంటే పని జరుగుతున్నట్టే. తోటి మోడరేటర్లు మీరు తీసేసిన కామెంట్లను మళ్లీ తిరిగి పెడుతుంటే, మీరు మాట్లాడిన ప్రతిసారీ వాళ్లే ముందుగా వెక్కిరిస్తుంటే మాత్రం మోడరేటర్ పదవి వదిలేయండి. ఆ పేరు మీ దగ్గర ఉన్నంతకాలం జరుగుతున్నదానికి మీ సంతకం ఉన్నట్టే. అప్పుడు మీతో కలిసిన ఆ నలుగురైదుగురితో ఒక చిన్న గ్రూప్ మొదలుపెట్టండి. మొదటి రోజే ఆ నాలుగు వాక్యాల రూల్స్ పైన పెట్టండి. వచ్చే మొదటి ఫొటోకు మొదటి జవాబు మీరే రాయండి.